టోక్యోలో ముందు పాత తెరలు, తర్వాతే టీమ్‌ల్యాబ్

టోక్యో వెళ్తే ఉయెనోలో దిగండి. ఇక్కడ నేను ముఖ్యంగా చెప్పే మూడు చోట్లూ హిబియా మెట్రో లైను మీదే ఉన్నాయి, రైలు మారక్కర్లేదు. మేమున్న హోటల్ గది మరీ ఇరుకు, పెట్టె తెరిస్తే నడవడానికి చోటుండదు. శుభ్రతకు మాత్రం వంక పెట్టలేం.

మొదట ఉయెనో పార్కులోని జాతీయ మ్యూజియం. దాని ప్రధాన భవనం హోంకాన్ రెండో అంతస్తులో 7వ గదిలో మడత తెరల మీద వేసిన పాత చిత్రాలుంటాయి. వాటిని ఒకేచోట నిలబడి చూడకండి. కుడి నుంచి ఎడమకి మెల్లగా నడవండి. బొమ్మ మనతోపాటే కదులుతున్నట్టు ఉంటుంది. ఇక్కడి నుంచే చూడాలని చెప్పే ఒక్క బిందువేదీ ఆ చిత్రాల్లో లేదు. తెరలను మారుస్తూ ఉంటారు కాబట్టి ఫలానా చిత్రమే కావాలని ఆశపడి వెళ్లొద్దు.

ఆ కళ్లతోనే కామియాచో స్టేషన్లో దిగి, అజబుదాయ్ హిల్స్‌లోని టీమ్‌ల్యాబ్ బోర్డర్‌లెస్‌కి వెళ్లండి. టీమ్‌ల్యాబ్ అంటే కాంతితో, కదిలే బొమ్మలతో గదుల నిండా దృశ్యాలు అల్లే డిజిటల్ కళా బృందం. 2001లో మొదలైన ఈ బృందం, తమ దృశ్యాలకు పాత జపాన్ చిత్రాలు స్థలాన్ని చూపించే తీరే ఆధారమని బాహాటంగా చెబుతుంది. తెరలు చూసి వచ్చాను కాబట్టే ఆ మాట నాకు ప్రచారంలా అనిపించలేదు. పువ్వులు, సీతాకోకచిలుకలు ఒక గది గోడ మీంచి ఇంకో గదిలోకి వెళ్లిపోతుంటే, వెంట నడవడం మన వంతు. లోపలి టీ హౌస్‌కి డబ్బులు వేరే, అయినా వదులుకోకండి. కప్పులోని టీ మీద పువ్వు పూస్తుంది, తాగేస్తే పోతుంది. అక్కడంతా నాకు బాగా నచ్చింది అదే. జనం మాత్రం ఎక్కువ, ఫోన్లు ఇంకా ఎక్కువ. ఉదయం మొదటి స్లాట్ తీసుకోండి.

పిల్లలుంటే షిన్-తోయోసు దగ్గర టీమ్‌ల్యాబ్‌దే ఇంకో ప్రదర్శన, ప్లానెట్స్ మేలు. మోకాళ్లదాకా నీళ్లలో నడుస్తుంటే కాంతి చేపలు మనకు తగిలి పువ్వులైపోతాయి. అది ఈ లైను మీద లేదు. నేల అద్దం కాబట్టి స్కర్టులు వద్దు.

నిజంగా వీడియో కళ మీద ఇష్టమున్నవాళ్లు ఎబిసు ఫొటోగ్రఫిక్ ఆర్ట్ మ్యూజియం చూడాల్సిందే. 2009 నుంచి అక్కడ ఏటా కదిలే చిత్రాల ఉత్సవం జరుగుతోంది. ఉకియో-ఎ అనే పాత జపాన్ అచ్చు చిత్రాల రంగులతో నేటి ఇళ్లను యానిమేషన్ చేసే కళాకారిణి తబాయిమో పని ఎక్కడ కనిపించినా ఆగి చూడండి. టీమ్‌ల్యాబ్ వెలుగుల్లో లేని కలవరం ఆమె బొమ్మల్లో ఉంటుంది.

ఉయెనో, ఎబిసు మ్యూజియాలకు సోమవారం సెలవు. శాకాహారులకు సూపుల్లో చేప రసంతో టెన్షన్ తప్పదు. మన భోజనం కావాలంటే భారతీయులు ఎక్కువగా ఉండే నిషి-కసాయ్ వెళ్లండి.