నాటకంలోనే ఆనర్సా, డిగ్రీ అయ్యాక నాటకమా? మన బరంపురం, పర్లాకిమిడి పిల్లలకు ఏది మేలు?

ప్లస్ టూ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, ఒడిశాలో మన వైపు తెలుగిళ్లలో ఎవరు ఎదురుపడినా "ఆనర్స్ ఏం తీసుకుంటోంది అమ్మాయి?" అనే అడుగుతారు. ఆ అమ్మాయికి నాటకం మీద మనసుందనుకోండి, ఇక ఇంట్లో టెన్షన్ మొదలు. నేరుగా నాటకంలోనే ఆనర్స్ చేయించాలా, లేక ఊళ్లోనే ఏదో ఒక సబ్జెక్టులో డిగ్రీ పూర్తి చేయించి ఆ తర్వాత నాటకానికి పంపాలా?

నా మాట ముందే చెప్పేస్తాను. పిల్లకు నటన కావాలంటే రెండో దారి మేలు. లైటింగ్, సెట్, కాస్ట్యూమ్స్, మేకప్ కావాలంటే మొదటిదే మేలు, మూడేళ్లు ఆగడం దండగ. ఈ తేడా అంతా భాష దగ్గర వస్తుంది. కాలేజీల పేర్లు చూసి తేల్చుకునేవాళ్లు ఈ సంగతి పట్టించుకోరు.

మనకు దగ్గర్లో నేరుగా చేరగలిగేది భువనేశ్వర్‌లోని ఉత్కళ సంగీత మహావిద్యాలయ. 1964 నుంచి ఉంది, ఒడిస్సీ, గాత్రంతో పాటు నాటకమూ నేర్పుతారు, ఇప్పుడు 1999లో వచ్చిన ఉత్కళ సాంస్కృతిక విశ్వవిద్యాలయం కిందకి వస్తుంది. బరంపురం నుంచి రైల్లో మూడు గంటల లోపే, శనివారం ఇంటికొచ్చి ఆదివారం సాయంత్రం వెళ్లిపోవచ్చు. కోల్‌కతాలో రవీంద్ర భారతి, పుణె యూనివర్సిటీలో లలిత కళా కేంద్రం, బరోడాలో ఎం.ఎస్. యూనివర్సిటీ కూడా డిగ్రీ స్థాయిలోనే నాటకం చెబుతాయి. పేరున్న చోట్లే గానీ అక్కడ రంగస్థలం బెంగాలీది, మరాఠీది, గుజరాతీది. పద్దెనిమిదేళ్లకు కొత్త భాష నేర్చుకుని అందులో ఏడ్చి, నవ్వి, తిట్టి జనాన్ని నమ్మించాలంటే అందరి వల్లా కాదు.

ఒడియా అయితే మన పిల్లలకు వచ్చు కదా అంటారు. వచ్చు, బజార్లో, బళ్లో. స్టేజి మీద కథ వేరు. ఒడియాలో అకారం నోరు గుండ్రంగా చేసి, దాదాపు 'ఒ'లా పలకాలి. మన పిల్లలు తెలుగులోలాగే నోరు తెరిచి 'అ' అనేస్తారు. మామూలు మాటల్లో ఎవరూ పట్టించుకోరు, కానీ ఖాళీ హాల్లో ఆఖరి వరుసలో కూర్చున్న మేస్టారికి మొదటి డైలాగుకే "తెలుగు పిల్ల" అని తెలిసిపోతుంది. ఇది సరయ్యేదే, రోజూ అరగంట గట్టిగా చదివితే కొన్ని నెలల్లో దారికొస్తుంది. పైగా ఒడియా మాట కూడా మన మాటలాగే చివర అచ్చుతో ముగుస్తుంది, కాబట్టి హిందీ కంటే మనకిదే తేలిక. ఆ శ్రమకు సిద్ధపడే పిల్లయితే, రేపు ఒడియా సీరియళ్లలోనో ఊరూరా తిరిగి నాటకాలాడే జాత్రా కంపెనీల్లోనో పని చేయాలని ఉంటే, భువనేశ్వర్‌కి నిశ్చింతగా పంపండి.

ఇక తెలుగు వైపు. చాలామంది తల్లిదండ్రులకు తెలియనిది ఏమిటంటే, ఆంధ్రా యూనివర్సిటీ (విశాఖ) థియేటర్ ఆర్ట్స్‌లోనూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ నాటకం పీజీలో ఉంది, దానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా కూడా అంతే, 1959లో పెట్టిన ఆ బడి మూడేళ్ల డిప్లొమాకు డిగ్రీ ఏ సబ్జెక్టుదైనా ఫర్వాలేదంటుంది గానీ నాటకాల్లో పనిచేసిన అనుభవం మాత్రం చూపించమంటుంది. అంటే బరంపురంలో ఖల్లికోట్ యూనివర్సిటీలోనో, పర్లాకిమిడిలో గజపతి కాలేజీలోనో ఇంగ్లీషో, ఒడియానో, చరిత్రో చదివిన పిల్ల ఆ తలుపులు తట్టడానికి ఏ విధంగానూ తక్కువ కాదు. సాహిత్యం తీసుకుంటే ఇంకా మంచిది. నాటకం చదవడం, పాత్ర ఎందుకలా మాట్లాడుతోందో పట్టుకోవడం అక్కడే అలవాటవుతుంది.

కాలం లెక్క కూడా చూడండి. కొత్త జాతీయ విద్యా విధానంలో మూడేళ్లకు డిగ్రీ, నాలుగో ఏడు కూడా చదివితే ఆనర్స్. మన ఒడిశాలో ఇన్నాళ్లూ ప్లస్ త్రీనే, అంటే మూడేళ్ల డిగ్రీనే, ఆనర్స్ అనుకునేవాళ్లం కాబట్టి ఇక్కడే తికమక పడుతున్నారు. నాలుగేళ్ల ఆనర్స్ మీద ఏడాది పీజీ అయినా, మూడేళ్ల డిగ్రీ మీద రెండేళ్ల పీజీ అయినా ఐదేళ్లే. రెండో దారిలో వెనకబడిపోతారన్న భయం అక్కర్లేదు.

అయితే రెండో దారికి ఒక షరతుంది, అది లేకపోతే నా సలహా అంతా వృథా. ఆ మూడేళ్లూ స్టేజి వదలకూడదు. కాలేజీ నాటికలు, శ్రీకాకుళం, విశాఖ వైపు నాటక పరిషత్తుల పోటీలు, ఏదో ఒకటి ఏడాదికి రెండైనా చేయాలి. చేసిన ప్రతిదానికీ కరపత్రం, ఫోటో, పేరున్న సర్టిఫికెట్ ఫైల్లో పెట్టుకోవాలి, రేపు ఇంటర్వ్యూలో అడిగేది అదే.

మన గంజాం ఇచ్చే చదువు ఇంకొకటుంది, అది ఏ సిలబస్‌లోనూ ఇంత దగ్గరగా దొరకదు. మన జానపద నాటకం, ప్రహ్లాద నాటకం చూసే ఉంటారు. మెట్లు మెట్లుగా కట్టిన మంచె, పైన హిరణ్యకశిపుడి సింహాసనం, పక్కన పాట అందుకునే గాహకుడు, మద్దెల, తాళాలు, ముఖవీణ. మద్దెల దెబ్బ మారగానే రాజు మెట్లు దిగే నడక మారుతుంది, అడుగు, చూపు, మీసం మీద చెయ్యి అన్నీ ఒకేసారి ఆగుతాయి. నాటకం బళ్లో మొదటి ఏడాదంతా ఊపిరి, నడక, లయ అంటూ నేర్పేది ఇదే, కాకపోతే ఇక్కడ గురువు చేసి చూపిస్తే శిష్యుడు పట్టుకోవాలి, ఎందుకని అడిగే వీలు తక్కువ. బరంపురం అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో మొక్కుకుని వేషం కట్టే మన తెలుగు కుటుంబాల పిల్లలకైతే రంగు పూసుకుని జనం మధ్య నిలబడటం చిన్నప్పటి నుంచీ అలవాటే. ఇవన్నీ వదిలేసి పద్దెనిమిదో ఏట వెళ్లిపోవడం కంటే, మూడేళ్లు ఇవి ఒంటబట్టించుకుని వెళ్తే పీజీ క్లాసులో ఆ పిల్ల దగ్గర చూపించడానికి సొంతదంటూ ఏదో ఒకటి ఉంటుంది.

లైటింగ్, సెట్ వాళ్లకు మాత్రం ఈ వాదన వర్తించదు. లైట్ల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ బోర్డుకు, సెట్ మోడల్‌కు యాస లేదు. అక్కడ కావాల్సింది ఏళ్ల తరబడి చేతి పని, సామాను అందుబాటులో ఉండటం, అవి కాలేజీలోనే దొరుకుతాయి. భువనేశ్వర్ కాకపోతే పుణె, బరోడా, ఏదైనా సరే, సీటొస్తే వెళ్లిపోవాలి.

ఉద్యోగం సంగతి క్లుప్తంగా. బ్యాంకు, ప్రభుత్వ పరీక్షల్లో 'ఏదైనా డిగ్రీ' అన్నచోటల్లా నాటకం డిగ్రీ కూడా చెల్లుతుంది. లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో నాటకానికి పేపర్ ఉంది, కాబట్టి పీజీ చేస్తే లెక్చరర్ దారి ఉంది. కానీ బళ్లో టీచర్ ఉద్యోగం వెనక ధైర్యంగా ఉండాలనుకునే ఇంట్లో సాహిత్యమో చరిత్రో ఆనర్స్, ఆపైన బీఎడ్ ఎక్కువ అక్కరకొస్తాయి. ఇంట్లో ఒక్క జీతం మీద బతికేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఒక్కటి మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి. మన పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. విశాఖో హైదరాబాదో వెళ్లి తెలుగులో నటించాలనుకునే పిల్ల స్క్రిప్టు ఒడియా అక్షరాల్లో రాసుకుని బట్టీ పడితే ఎంతకాలం నెట్టుకొస్తుంది? ప్లస్ టూ సెలవుల్లోనే ఇంట్లో అమ్మమ్మో తాతగారో కూర్చోబెట్టి గుణింతాల నుంచి మొదలుపెడితే, కాలేజీ తెరిచేసరికి పేపర్ గట్టిగా చదివేస్తుంది.