భీమిలిలో 3,200 రూపాయల కిటికీ

"సముద్రం ఎటు వైపండీ?" అని అడిగితే లాడ్జి కుర్రాడు బాత్రూమ్ తలుపు తీశాడు. వెంటిలేటర్ సందులోంచి వేలు పెట్టి, "ఆ కొబ్బరిచెట్టు ఎనకాలే సార్. గాలొస్తాది కదా" అన్నాడు. ఆ గాలికి రోజుకి 3,200 రూపాయలు. ఆన్‌లైన్ ఫొటోలో బాల్కనీ ఉంది, దాని ముందు అలలున్నాయి. ఆ బాల్కనీ పక్క బిల్డింగ్‌దని సాయంత్రానికి తెలిసింది.

వైజాగ్‌లో కాపురం ఉంటూ ముప్పై కిలోమీటర్లు కూడా లేని భీమిలిలో రూమ్ తీసుకోవడం ఏం తెలివి అని మా ఆవిడ బస్సులోనే అంది. కానీ మావయ్యగారు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయిన మనిషి. డచ్చివాళ్లు ఉన్న ఊళ్లో ఒక్క రాత్రి పడుకోవాలని ఆయన కోరిక. "డచ్ హెరిటేజ్ స్టే" అన్న మాట చూసి నేనే పడిపోయాను. హెరిటేజ్ అంటే రిసెప్షన్ గోడకి అతికించిన గాలిమర పోస్టర్.

కోపం దిగింది డచ్ సమాధుల దగ్గరే. గడ్డిలో కోసుగా పైకి లేచిన పాత కట్టడాలు, దగ్గర్లోనే సముద్రం హోరు. టికెట్ లేదు, ఫొటోలు తీస్తామని వెంటపడేవాళ్లు లేరు. మావయ్యగారు చెప్పులు పక్కన విడిచి ఒక రాతి మీది అక్షరాలు వేలితో తడిమారు.

"వీళ్లు మన దగ్గరికి మసాలాల కోసం రాలేదు బాబూ, బట్టల కోసం వచ్చారు" అన్నారు. జాజికాయ, లవంగాలు తూర్పు దీవుల్లో, అంటే ఇప్పటి ఇండోనేషియాలో పండుతాయి. అక్కడివాళ్లకి మన తీరంలో నేసిన నూలు బట్టలంటే మోజు. అందుకని 1602లో పుట్టిన డచ్ కంపెనీ ఇక్కడ బట్ట కొని, అక్కడ మసాలాలకి మార్చుకునేది. బట్టకి గిడ్డంగి కావాలి, గిడ్డంగికి కాపలా, కాపలాకి కోట. దక్షిణాన విశాఖలో ఇంగ్లీషువాళ్ల ఫ్యాక్టరీ (అప్పట్లో వర్తక స్థావరాన్ని అలా అనేవారు), లోపలి వైపు రాజుల సంస్థానాలు. మధ్యలో ఇరుక్కున్న ఊరు ఇది. యూరప్‌లో రెండు దేశాలకి చెడితే ఇక్కడ జెండా మారేది. 1781లో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు, తర్వాత తిరిగిచ్చారు. 1824 ఒప్పందం ప్రకారం 1825లో ఊరు పూర్తిగా వాళ్ల చేతికి పోయింది. కోట కోసం మాత్రం ఆశపడి వెతక్కండి, మిగిలింది శిథిలాలే. మేం గంటసేపు ఎండలో తిరిగాక మా ఆవిడ మాట్లాడడం మానేసింది.

ఆమె మళ్లీ మాట్లాడింది మెస్సులో. రేకుల షెడ్డు, నాలుగు బల్లలు. భోజనం 120, చందువ వేపుడు ముక్క 90. చేపల పులుసు ముందురోజుదట, అందుకే చింతపండు ముక్కలోకి దిగి ఉంది. వడ్డించే ఆవిడ అడక్కుండానే నెత్తళ్ల ఇగురు ఒక గరిటె వేసి, "ఇది లెక్కలో లేదు, తినండమ్మా" అంది. ముగ్గురికీ కలిపి 630. నగరంలో ఏసీ హోటళ్లకి పోసిన డబ్బు గుర్తొచ్చి కడుపు మండింది.

మర్నాడు ఆటోకి రానూపోనూ 900 ఇచ్చి పద్మనాభం వెళ్లాం. పేష్కష్, అంటే కట్టాల్సిన కప్పం, బకాయిల తగవులో ఇంగ్లీషువాళ్ల ఈస్టిండియా కంపెనీ విజయనగరం ఖాళీ చేసి పొమ్మంటే, అక్కడి రాజు విజయరామరాజు మాట వినక ఇక్కడికొచ్చి నిలబడ్డాడు. 1794 జూలై 10న కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడు. కొండ మీది గుడికి వెయ్యికి పైగా మెట్లు. మోకాళ్లున్నవాళ్లు పొద్దున్న ఎనిమిదిలోపే ఎక్కేయండి. మేం సగంలో కూలబడ్డాం.

తిరిగొచ్చి గది ఖాళీ చేస్తుంటే బిల్లులో "ఎక్స్‌ట్రా బెడ్ 500" అని ఉంది. వాళ్లిచ్చింది చాప, ఒక దుప్పటి. రెండు రోజులూ లాడ్జి గురించి నోరెత్తని మావయ్యగారు అక్కడ లేచారు. "డచ్చివాళ్లే నయమయ్యా! వాళ్లు బట్ట పుచ్చుకుని వెండి ఇచ్చారు. నువ్వు కప్పుకోడానికి దుప్పటిచ్చి, తిరిగి తీసుకుని, పైన 500 అడుగుతున్నావు" అన్నారు. మేనేజరుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా బేరం 200 దగ్గర తెగింది.