కుర్చీయా, నిలబడే టేబులా, బెల్టా: నడుంనొప్పికి ఏది మేలు?

నేను కుర్చీ కొన్నానని తెలిసినప్పటి నుంచీ ఆఫీసులో అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎంత పడింది? నొప్పి తగ్గిందా?" మొదటిదానికి జవాబు 9,500. రెండోదానికే కాస్త కథ చెప్పాలి.

మాది విజయవాడలో ఆడిటర్ ఆఫీసు. నెలనెలా 11న, 20న జీఎస్టీ రిటర్నుల గడువులుంటాయి. వాటి ముందు రెండ్రోజులు భోజనానికి తప్ప ఎవరం లేవం. మొన్న ఏప్రిల్ 20 రాత్రి చివరి రిటర్ను వేసి లేవబోతే నడుము పట్టేసింది. సగం వంగినవాణ్ణి వంగినట్టే టేబుల్ అంచు పట్టుకుని తలుపు దాకా జరిగాను. వాచ్‌మన్ "ఏం పడిపోయింది సార్?" అంటూ తనూ వంగి నేలంతా వెతికాడు.

ఆ వారమే కుర్చీ కొన్నాను. పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, మోకాలి వెనక రెండు మూడు వేళ్లు పట్టే సందు ఉండాలి, వీపు ఆనే చోట ఉబ్బు సరిగ్గా నడుము వంపు దగ్గరికి రావాలి. ఇవన్నీ షాపులోనే కూర్చుని చూసుకున్నాను. తల ఆనించుకునే దిండుకి ఇంకో రెండు వేలన్నారు, వద్దన్నాను. ఆఫీసులో తల వెనక్కి వాల్చి నేను చేసే పనేమీ లేదు.

మూడు వారాలైనా నొప్పి అలాగే ఉంది. ఒకరోజు పక్క సీటమ్మాయి నా వైపు చూసి, "సార్, మీ వీపు కుర్చీకి తగలడమే లేదు" అంది. నిజమే! ల్యాప్‌టాప్ తెర కిందికి ఉంటే దాన్ని చూడ్డానికి ముందుకు వంగుతాం. ఇంక వెనకున్న ఉబ్బు ఎవరికోసం? పాత లెడ్జర్లు నాలుగు పేర్చి ల్యాప్‌టాప్ వాటి మీద పెట్టాను. విడిగా కీబోర్డు, మౌసు కొన్నాను, రెండూ కలిపి 1,200. నా 9,500 కుర్చీ పనిచేయడం మొదలెట్టింది ఆ రోజు నుంచే.

ఇక నిలబడే టేబుల్. మా ఆఫీసులో ఒకాయన మోటారుతో పైకీ కిందికీ కదిలేది 24,000 పెట్టి తెచ్చుకున్నారు. మొదటి వారం మధ్యాహ్నం దాకా నిలబడే ఉండేవారు. రెండో వారానికి మడమలు లాగుతున్నాయని ఒక కాలి మీద బరువు వేసి, టేబుల్ మీదికి మోచేతులు వాల్చేశారు. ఇప్పుడది కిందికే దిగి ఉంది.

కూర్చుంటే వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు మీద ఒత్తిడి పెరుగుతుంది, నిలబడితే తగ్గుతుంది అన్న మాట 1960లలో స్వీడన్‌లో డిస్కులో సూది దించి కొలిచిన కొలతల నుంచి వచ్చింది. 1999లో జర్మనీ వాళ్లు ఒక మనిషి డిస్కులో సెన్సర్ పెట్టి కొలిస్తే, నిలబడినప్పటికీ ఊరికే కూర్చున్నప్పటికీ పెద్ద తేడా కనబడలేదు. అంత దూరం ఎందుకు, బీసెంట్ రోడ్డు బట్టల షాపుల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడేవాళ్లని అడగండి, వాళ్ల నడుం సంగతి వాళ్లే చెబుతారు. గంటగంటకీ ఎత్తు మార్చే ఓపిక ఉంటే టేబుల్ మంచిదే. ఆ ఓపిక నాకు లేదు, ఆయనకీ లేదని తేలింది.

నా లెక్కలో తేల్చేది ఒక్కటే: గంటలో ఎన్నిసార్లు కదిలాం? ఇందుకు నాకు అన్నిటికంటే బాగా పనికొచ్చింది ఒక చిన్న స్టీలు గ్లాసు. ఇదివరకు లీటరు సీసా టేబుల్ మీదే ఉండేది. దాన్ని తీసేశాను. దాహం వేస్తే ఫిల్టర్ దాకా వెళ్లాల్సిందే, తాగిన నీళ్లు ఇంకోసారి లేపుతాయి. క్లయింటు ఫోన్ చేస్తే లేచి నిలబడే మాట్లాడతాను. మా క్లయింట్లు ఫోన్ ఒక పట్టాన పెట్టరు కాబట్టి ఆ వ్యాయామానికి లోటు లేదు.

బెల్టు సంగతి రెండు ముక్కల్లో: దీర్ఘకాలపు నడుంనొప్పికి అది మామూలుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లోనే ఉంది. ఆపరేషన్ అయ్యాకో, దెబ్బ తగిలితేనో డాక్టర్ పెట్టుకోమంటే అది వేరే సంగతి. నడుం దిండ్లకీ డబ్బు తగలేయకండి, తువ్వాలు చుట్టి పెట్టుకుంటే సరిపోతుంది.

నడుము పట్టేసిన రోజు మా ఇంట్లో వారం పాటు మంచం దిగొద్దన్నారు. ఆ సలహా పాతబడిపోయింది. ఓర్చుకోగలిగినంత మెల్లగా తిరుగుతుండాలని ఫిజియో చెప్పారు. నొప్పి తగ్గాక కూడా నడక ఆపకూడదట. ఆస్ట్రేలియాలో 701 మందితో చేసిన ప్రయోగం 2024లో అచ్చయింది. క్రమంగా నడక అలవాటు చేసుకున్నవాళ్లలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పడితే, ఏమీ చేయనివాళ్లలో సగం మందికి 112 రోజులే పట్టింది. నేను పొద్దున అరగంట నడుస్తున్నాను, గడువు రోజులు మినహా. కాలు బలం తగ్గినా, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా మాత్రం కుర్చీ, నడక అన్నీ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

పది వేలు చేతిలో పెట్టుకుని ఏది కొనమంటారని అడిగేవాళ్లకి: ముందు కీబోర్డు, మౌసు కొని ల్యాప్‌టాప్ ఎత్తు పెంచండి, నెల రోజులు చూడండి. అప్పటికీ కుర్చీ కావాలనిపిస్తే మా ఆఫీసుకొచ్చి నాదాంట్లో ఒక గంట కూర్చోండి. 20వ తేదీ మాత్రం రాకండి.