టైలింగా, క్యాస్కేడా, చేత్తో సర్దుకోవడమా: మన తెరకు ఏది మేలు?

విండోలను కంప్యూటరే సర్దిపెట్టాలంటే మొదటి నుంచీ ఉన్న దారులు రెండు. టైలింగ్‌లో తెరను ముక్కలు చేసి ఒక్కో విండోకు ఒక్కో ముక్క ఇస్తుంది, ఒకదాని మీద ఒకటి పడదు. క్యాస్కేడ్‌లో చేతిలో పేకముక్కలు విప్పినట్టు ఒకదాని వెనక ఒకటి, ప్రతిదాని టైటిల్ బార్ కనపడేలా పేరుస్తుంది. నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఆటోమేటిక్ టైలింగ్ పెద్ద మానిటర్ ఉన్నవాళ్లకే. బెంగళూరు మారతహళ్లి పీజీలో మంచం మీద 14 అంగుళాల లాప్‌టాప్‌తో కుస్తీ పట్టేవాళ్లు విండోలను చేత్తో రెండు పక్కలా సర్దుకుంటే చాలు. క్యాస్కేడ్‌ను రోజూ వాడమని ఎవరికీ చెప్పను, కానీ దానికీ ఒక పని మిగిలే ఉంది.

ఇది పాత పంచాయితీయే. 1985 నవంబరులో వచ్చిన విండోస్ 1.0లో డైలాగ్ బాక్సులు తప్ప ఏ విండో ఇంకోదాని మీద పడేది కాదు. 1987 చివర్లో 2.0 వచ్చాకే అవి ఒకదాన్నొకటి కప్పుకోవడం మొదలైంది. ఆ మధ్యలోనే, 1986లో, జిరాక్స్ కంపెనీ వారి పార్క్ (PARC) అనే పరిశోధనశాలలోని సారా బ్లై, జారెట్ రోజెన్‌బర్గ్ రెండు పద్ధతులనూ మనుషుల చేత వాడించి చూశారు. చూడాల్సిన విషయం ఇచ్చిన ముక్కలో చక్కగా ఇమిడిపోతే టైలింగ్‌తోనే పని త్వరగా అయింది. ఇమడనప్పుడు, చేయి తిరిగినవాళ్లు ఒకదానిపై ఒకటి పడే విండోలతోనే త్వరగా ముగించారు. అంటే మన విషయం ఆ ముక్కలో పడుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. తెర శుభ్రంగా కనిపించడం తర్వాతి సంగతి.

లెక్క వేసి చూడండి. మామూలు లాప్‌టాప్ తెర అడ్డంగా 1920 పిక్సెళ్లు. రెండు ముక్కలు చేస్తే చెరి 960. అక్షరాలు కనపడటానికి స్కేలింగ్ 150 శాతం పెట్టుకున్నామంటే ఆ 1920 కాస్తా 1280తో సమానం, సగం 640 మాత్రమే. ఆ వెడల్పులో చాలా వెబ్‌సైట్లు మెనూ దాచేసి ఫోన్‌లో కనిపించినట్టు మారిపోతాయి. ఎక్సెల్‌లో కాస్త వెడల్పు కాలమ్‌లు నాలుగైదు దాటితే పక్కకు జరపాల్సిందే. తెలుగు చదివేవాళ్లకైతే ఇంకో చిక్కు: మన మాటలు పొడుగు, వరుసకు కొన్నే పట్టి మిగతావి కింది వరుసలోకి దూకుతాయి. పైగా ఒత్తులకు కింద చోటు కావాలి కాబట్టి నిలువునా తక్కువ వరుసలే కనిపిస్తాయి. ఇదంతా రెండు విండోలకే. మూడోది తెరిస్తే ఆటోమేటిక్ టైలింగ్ అడక్కుండానే ఉన్నవాటిని ఇంకా నొక్కేస్తుంది.

జయనగర్‌లో జీఎస్టీ లెక్కలు చూసే మా అక్క పని తీసుకోండి. ఒకవైపు జీఎస్టీ పోర్టల్ నుంచి దించుకున్న 2బి షీటు (అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల జాబితా), ఇంకోవైపు క్లయింటు కొనుగోళ్ల రిజిస్టరు. రెండూ ఒకేసారి కంటి ముందు ఉండాలి, మూడోది అక్కర్లేదు. విండోస్ కీ పట్టుకుని ఎడమ బాణం నొక్కితే ఒకటి ఎడమ సగంలో కూర్చుంటుంది, మిగిలిన సగంలో ఏది కావాలో విండోసే చూపిస్తుంది. ఎక్సెల్ ఫైళ్లు రెండే అయితే అంతకన్నా మంచిది వ్యూ మెనూలోని 'వ్యూ సైడ్ బై సైడ్'. దాంతో ఒకటి కిందికి జరిపితే రెండోదీ జరుగుతుంది. అక్క కంప్యూటర్లో ఆటోమేటిక్ టైలింగ్ పెట్టామనుకోండి, క్యాలిక్యులేటర్ తెరవగానే అది మూడో వంతు తెర ఆక్రమించి రెండు షీట్లనూ మూలకు తోస్తుంది. "ఒరేయ్, ముందు దీన్ని తీసెయ్" అంటుంది. న్యాయమే.

వైట్‌ఫీల్డ్‌లో కోడ్ రాసే అనంతపురం తమ్ముడి సంగతి పూర్తిగా వేరు. లినక్స్, అందులో విండోలను తనంతట తానే టైల్ చేసే ఐ3 అనే ప్రోగ్రామ్, ముందు 27 అంగుళాల 2560 పిక్సెళ్ల మానిటర్. అందులో సగమంటే 1280, కోడ్‌కు పుష్కలం. ఎడమ పక్క ఎడిటర్, కుడి పక్క పైన ఆదేశాలు టైపు చేసే టెర్మినల్, కింద ప్రోగ్రామ్ ఏం చేస్తోందో చూపే లాగ్. బ్రౌజర్ రెండో వర్క్‌స్పేస్‌లో (అంటే అదే మానిటర్‌పై విడిగా ఉండే ఇంకో తెరలో), చాట్ మూడోదాంట్లో, అంకె నొక్కితే అక్కడికి వెళ్లిపోతాడు. "అన్నా, విండో వెతుక్కోవడమనేదే లేదు" అంటాడు, అది నిజమే. టెర్మినల్‌లోని అక్షరాలకు ఏ కొలత ఇచ్చినా సర్దుకుపోతాయి కాబట్టి ఆ పరిశోధన చెప్పిన మాట ఇక్కడ అతికినట్టు సరిపోతుంది.

ఈ ఆటోమేటిక్ టైలింగ్‌కు రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది నేర్చుకోవడం: షార్ట్‌కట్‌లు వేళ్లకు పట్టేదాకా పని నెమ్మదిస్తుంది, సెట్టింగులన్నీ ఒక టెక్స్ట్ ఫైలులో రాసుకోవాలి. రెండోది మీటింగుల్లో బయటపడుతుంది. ఒక విండోను షేర్ చేసి చూపిస్తుండగా పక్కన కొత్తది తెరుచుకుందంటే, చూపిస్తున్నది సగమైపోయి అవతలివాళ్లకు వరుసలన్నీ చెదురుతాయి. అందుకే షేర్ చేసే విండోను ఖాళీ వర్క్‌స్పేస్‌కు తీసుకెళ్లాకే మొదలుపెట్టాలి.

క్యాస్కేడ్ విషయానికొస్తే, విండోస్ 10 వరకు టాస్క్‌బార్‌పై రైట్‌క్లిక్ చేస్తే అది కనిపించేది. విండోస్ 11లో ఆ మెనూ నుంచి తీసేశారు. పెద్దగా ఎవరూ ఏడవాల్సిన పని లేదు. విండోలన్నిటినీ ఒకే కొలతకు కుదించేస్తుంది, ముందున్నది తప్ప మిగతావాటిలో ఉన్నదేమిటో చదవలేం. అయితే ఆఫీసులో మానిటర్ వైరు పీకి ఇంటికి వచ్చాక ఏదో పాత ప్రోగ్రామ్ విండో తెర బయటే ఉండిపోతే, అన్నిటినీ లాగి ముందుకు తెచ్చేది ఈ క్యాస్కేడే. 11లో దాని బదులు ఆల్ట్, ట్యాబ్‌తో ఆ విండోను ఎంచుకుని, ఆల్ట్, స్పేస్ నొక్కి, తర్వాత ఎమ్ నొక్కి, ఒక బాణం కీ తాకి మౌస్ కదిపితే అది మౌస్ వెంట వచ్చేస్తుంది. ఇంకో తమాషా ఏమిటంటే క్యాస్కేడ్‌లోని మంచి గుణం ఐ3లోనే బతికుంది. అందులో స్టాకింగ్ అనే అమరిక పెడితే టైటిళ్లు వరుసగా పైన నిలబడతాయి, ఎంచుకున్న విండో మిగతా చోటంతా తీసుకుంటుంది. చిన్న తెర మీద ఐ3 వాడక తప్పదనుకునేవాళ్లు ముక్కలు చేయడం మాని ఇదే పెట్టుకోవాలి.

నడిమి దారి కావాలంటే విండోస్ 11లో విండోస్ కీతో జెడ్ నొక్కితే సిద్ధంగా ఉన్న అమరికలు వస్తాయి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లోని ఫ్యాన్సీజోన్స్‌తో గళ్లు మనమే గీసుకోవచ్చు, షిఫ్ట్ పట్టుకుని లాగితే విండో గడిలో కూర్చుంటుంది. సగాలు సమానంగా ఉండాలని రూలేమీ లేదు, చదివేదానికి రెండు వంతులు, రాసేదానికి ఒక వంతు ఇవ్వండి. మ్యాక్‌లో విండోను అంచుకు లాగి సర్దే సౌకర్యం 2024లో వచ్చిన మ్యాక్ఓఎస్ సెక్వోయా వెర్షన్‌తో చేరింది. సగాల పనికి అది చాలు.

వారంలో సగం రోజులు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసుకు, మిగతా సగం గదిలోనే పని చేసేవాళ్లకు ఒకే పద్ధతి రెండు చోట్లా కుదరదు. లినక్స్ అలవాటుంటే అందులోనే ఒక రకమైన పాప్ ఓఎస్ చూడండి. అందులో సూపర్ కీతో (అంటే విండోస్ కీతో) వై నొక్కితే ఆటోమేటిక్ టైలింగ్ మొదలవుతుంది, మళ్లీ నొక్కితే ఆగిపోతుంది. మానిటర్ తగిలించినప్పుడు ఆన్, పీజీలో ఆఫ్.