సగేషస్‌కు ఏ మాట మేలు: జ్ఞానా, వివేకా?

ఒంగోలులో పోటీ పరీక్షలకు చదువుతున్న మా మేనకోడలు మొన్న ఫోను చేసింది. "మామయ్యా, ఇంగ్లీషులో సగేషస్ (sagacious) అంటే జ్ఞాని అని రాసుకున్నాను, సరేనా?" అని అడిగింది. సరికాదన్నాను. "పోనీ, వివేకి?" అంది. అది కొంత నయం.

జ్ఞాని అనే పొరపాటుకు మూలం 'సేజ్' అనే మాట. ఋషి అని అర్థమున్న సేజ్, ఈ సగేషస్ తోబుట్టువుల్లా కనిపిస్తాయి గానీ చుట్టరికం లేదు. సేజ్ పుట్టింది లాటిన్ 'సాపెరె' నుంచి. రుచి చూడటం, తెలివి కలిగి ఉండటం అని దాని అర్థం. 1758లో జీవశాస్త్రవేత్త లినేయస్ మనిషి జాతికి పెట్టిన హోమో సేపియన్స్ పేరూ ఆ ఇంటిదే. సగేషస్ మాత్రం 'సగాక్స్' బిడ్డ. సగాక్స్ అంటే వాసన చురుగ్గా పట్టేది. వేటకుక్కకు తగిన మాట. పాత ఇంగ్లీషు రచనల్లో కుక్కలనూ సగేషస్ అనేవారు.

మనకూ ఇలాంటి మాట ఉంది: పసిగట్టడం. ఇక్కడ పసి అంటే వాసన. లాటిన్ వాళ్లలాగే మనమూ ముక్కు పనిని బుద్ధికి అప్పగించాం.

ఒంగోలు జాతి ఎద్దును కొనడానికి వచ్చిన పెద్దాయనను చూడండి. (ఆ జాతిని బ్రెజిల్‌లో నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరుతోనే.) అమ్మేవాడు మూపురాన్ని, గంగడోలును పొగుడుతుంటే ఆయన నాలుగడుగుల నడకలోనే దాచిన కుంటును కనిపెడతాడు. అదీ సగేషస్. సోమశిల జలాశయంలో నీళ్లెన్ని ఉన్నాయో తెలిశాకే నారు పోసే నెల్లూరు రైతుది ముందుచూపు. అతను ప్రూడెంట్.

సగేషస్‌లో మెచ్చుకోలు ఉంటుంది, జిత్తులమారికి వాడరు. రోజువారీ మాటల్లో బరువుగా వినిపిస్తుంది. సలహాదారు, మంత్రి, నిర్ణయం వంటి వాటి పక్కన నప్పుతుంది. నెల్లూరు రాజు మనుమసిద్ధి రాజ్యం పోయినప్పుడు ఆయన మంత్రి, కవి తిక్కన ఓరుగల్లు వెళ్లి కాకతీయ రాజు గణపతిదేవుడి సాయం తెచ్చాడని చెబుతారు. తిక్కన గురించి ఇంగ్లీషులో రాస్తే ఈ మాటకు వంక పెట్టలేం.

అనువదించాల్సి వస్తే నా ఓటు 'పసిగట్టే తెలివి గల' అనే దానికే. మేనకోడలికి మాత్రం, జవాబుల్లో వివేకి కనిపిస్తే ఆలోచించకుండా దానికే టిక్కు పెట్టమన్నాను.