కళింగ యాత్ర ప్యాకేజీ: గైడ్ కోసమైనా వెళ్లాలి, కానీ శాలిహుండానికి టైమ్ అడిగి తీసుకోండి

హన్మకొండలో ఒక ట్రావెల్స్ వాళ్లు నడిపే కళింగ బౌద్ధ యాత్రకు మా ఇంటాయన, నేను వెళ్లొచ్చాం. మనిషికి 14,500 రూపాయలు. వరంగల్‌లో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కిస్తారు, భువనేశ్వర్ నుంచి వ్యాన్‌లో తిప్పుతారు, వచ్చేటప్పుడు శ్రీకాకుళం జిల్లాలో శాలిహుండం అనే పాత బౌద్ధ స్థలం చూపిస్తారు. పెట్టిన డబ్బు వృథా కాలేదు. అందుకు ముఖ్య కారణం గైడ్.

నేను గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే పిల్లలకు చరిత్ర చెప్తాను. కళింగ యుద్ధం అంటే మా దగ్గర ఒక బిట్టు: క్రీ.పూ. 261, అశోకుడు, పశ్చాత్తాపం, అయిపోయింది. ఆ బిట్టు వెనక ఏముందో రాయి ముందు నిలబెట్టి చెప్పే మనిషి దొరకడం అదృష్టం. ఈ గైడ్ బరంపురం అబ్బాయి. ఒడియా ఎంత బాగా వచ్చో తెలుగూ అంతే బాగా వచ్చు. మా బ్యాచ్‌లో పెద్దవాళ్లే ఎక్కువ. ఎవరినీ తొందరపెట్టలేదు. "నెమ్మదిగా రండమ్మా, రాయి ఎక్కడికీ పోదు" అనేవాడు.

భువనేశ్వర్ దగ్గరి ధౌళిలో అందరూ కొండ మీది తెల్లటి శాంతి స్తూపానికి పోతారు. అది 1972లో కట్టింది. ఈయన మమ్మల్ని ముందు కింద ఉన్న శాసనం దగ్గరికి తీసుకెళ్లాడు. పైన బండలోంచి ఏనుగు ముందు సగం మాత్రమే బయటికి వస్తున్నట్టు ఉంటుంది. తల, తొండం, ముందు కాళ్లు ఉంటాయి, వెనక భాగమంతా ఇంకా రాయే. దాని కింద చదును చేసిన బండ మీద బ్రాహ్మీ అక్షరాలు.

లక్ష మంది చనిపోయారు, లక్షన్నర మందిని తరలించుకుపోయారు అని అశోకుడు చెప్పుకున్నది ఆయన పద్నాలుగు బండ శాసనాల్లో 13వ దాంట్లో. అది ధౌళిలో లేదు! 11, 12, 13 శాసనాలను కళింగలో వదిలేసి, వాటి బదులు ఇక్కడికి, ఒడిశాలోనే గంజాం జిల్లా జౌగడకు వేరే రెండు శాసనాలు చెక్కించారు. ఆ 13వ శాసనం చూడాలంటే మన తెలుగు నేల మీద, కర్నూలు జిల్లా ఎర్రగుడికి వెళ్లాలి. ఓడిపోయిన జనం కళ్ల ముందు ఆ లెక్క పెట్టడానికి మనసు ఒప్పి ఉండదని గైడ్ అన్నాడు. నాకూ అదే అనిపిస్తోంది.

బదులుగా చెక్కిన మాటలే నన్ను కదిలించాయి. అవి అప్పటి కళింగ పాలనా కేంద్రమైన తోసలిలోని మహామాత్రులకు, అంటే అధికారులకు, రాసినవి. "సవే మునిసే పజా మమా", మనుషులందరూ నా బిడ్డలు అంటాడు. కారణం లేకుండా ఎవరినీ జైల్లో పెట్టొద్దు, హింసించొద్దు అంటాడు. ఈర్ష్య, కోపం, కాఠిన్యం, తొందరపాటు, సోమరితనం ఉన్నవాడు న్యాయం చేయలేడంటాడు. తిష్య (పుష్యమి) నక్షత్రం వచ్చిన రోజుల్లో దీన్ని చదివి వినిపించాలి, వినేది ఒక్కడైనా సరే అంటాడు. రేపు ఆఫీసర్లు కావాలనుకునే మా పిల్లలకు మొదటి క్లాసులో చెప్పాల్సిన పాఠం ఇది. ఈసారి నుంచి అట్లాగే మొదలుపెడుతున్నాను.

ఇంకో మంచి సంగతి. ట్రావెల్స్ వాళ్ల కరపత్రంలో "ప్రాచీన బౌద్ధ రాజ్యం కళింగ" అని ఉంది. గైడ్ దాన్ని అట్లా వదిలేయలేదు. భువనేశ్వర్‌లోని హాథీగుంఫా గుహ శాసనం ముందు నిలబెట్టి, దాన్ని చెక్కించిన కళింగ రాజు ఖారవేలుడు జైనుడని చెప్పాడు. 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ ఓడ్ర దేశంలో, అంటే ఇప్పటి ఒడిశా వైపు, వందకు పైగా బౌద్ధ ఆరామాలు చూశానన్నాడు, దక్షిణాన కళింగలో మాత్రం పదే ఉన్నాయని రాశాడు. ఇట్లా విన్నాక ఆ నేల చరిత్ర ఎంత చిక్కనిదో అర్థమవుతుంది.

ఒడిశాలోని బౌద్ధ స్థలం లలితగిరి మ్యూజియంలో ధాతు పేటికను, అంటే అస్థి అవశేషం దాచిన పెట్టెను, తప్పకుండా చూడాలి. రాతి పేటికలో మెత్తరాతి పెట్టె, అందులో వెండిది, దానిలో బంగారుది, లోపల చిన్న ఎముక ముక్క. ఆ దగ్గర్లోనే రత్నగిరిలో బౌద్ధ విహారం గుమ్మం చెక్కడం దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. 1958 నుంచి 1961 వరకు అక్కడ తవ్వకాలు జరిపించింది దేబలా మిత్ర అనే మహిళా పురావస్తు శాస్త్రవేత్త అని విని ఎంతో గర్వంగా అనిపించింది. ఆ వైపే ఉన్న ఉదయగిరి బౌద్ధ స్థలం త్వరగా అయిపోయింది. దారిలో ఇంకో ముచ్చట విన్నాం. కార్తీక పౌర్ణమి పొద్దున్నే ఒడియా వాళ్లు అరటి దొప్పల పడవల్లో దీపం పెట్టి, మనం బతుకమ్మను చెరువులో వదిలినట్టు నీళ్లలో వదులుతారట, జావా, బాలి వైపు వెళ్లిన పాతకాలపు నావికుల జ్ఞాపకంగా.

ఇక నచ్చనిది. భువనేశ్వర్‌లో ఒక చీరల దుకాణం దగ్గర బండి ఆపారు. ఎవరూ అడగలేదు. రెండు గంటలు పోయాయి. మరునాడు దాని ప్రభావం శాలిహుండం మీద పడింది. వంశధార ఒడ్డున కొండ మీద ఇటుక స్తూపాలు, చైత్యాలు, కింద నది, కొద్ది దూరంలోనే అది సముద్రంలో కలిసే కళింగపట్నం. 1919లో ఈ చోటును వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి గారు. తెలుగు వాళ్లం తీరిగ్గా చూడాల్సిన చోటు ఇదే. మేం వెళ్లేసరికి పొద్దు వాలింది, మ్యూజియం మూసేశారు. లోపలి తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు చూడకుండానే దిగొచ్చాం. నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

వచ్చాక ఆఫీసుకు వెళ్లి చెప్పాను. షాపింగ్ తీసేస్తే షాపు నుంచి వచ్చే కమీషన్ పోతుందని, టికెట్ పెంచాల్సి వస్తుందని అన్నారు. మనిషికి ఐదు వందలు ఎక్కువైనా ఇస్తాం, శాలిహుండం పొద్దున పూట పెట్టండి అన్నాను. ఆలోచిస్తామన్నారు. బుక్ చేసేవాళ్లు మీరూ అదే అడగండి, కాగితం మీద రాయించుకోండి, గైడ్‌గా బరంపురం అబ్బాయే కావాలని చెప్పండి. హోటల్, భోజనం బాగున్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చేతికర్ర తీసుకెళ్లాలి, మెట్లు చాలా ఉంటాయి.