తీర్థన్ లోయలో ట్రౌట్ కోసం: ఏ నెలలో వెళ్ళాలి, ఎక్కడ దిగాలి, ఎవర్ని వెంట పెట్టుకోవాలి

ఫ్లై ఫిషింగ్ కోసం, అంటే పురుగులా కనిపించేలా కట్టిన ఎరతో (దాన్నే ఫ్లై అంటారు) చల్లటి నీళ్ళలో బతికే ట్రౌట్ చేపని పట్టడం కోసం, హిమాచల్‌లోని కులు జిల్లాకి వెళ్దామనుకునే మనవాళ్ళు రూముల ఫోటోలు చూసే ముందు క్యాలెండర్ చూడండి. జూలై ఆగస్టుల్లో అక్కడ నదులన్నీ బురదే, చేపకి ఎర కనపడదు, మనకి చేప కనపడదు, పైగా కొండచరియల భయం. నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరి దాకా ట్రౌట్ గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వమే వేట మూసేస్తుంది. మార్చిలో తెరుస్తారు గానీ ఆ తర్వాత ఎండలు ముదిరేకొద్దీ మంచు కరిగి నీళ్ళు పెరిగిపోతాయి. మిగిలిందల్లా వినాయక నిమజ్జనాలు అయిపోయిన దగ్గర్నుంచి అక్టోబర్ నెలాఖరు దాకా, అసలు పండగ అప్పుడే. విజయవాడలో ఫ్యాను కింద కూడా చెమట్లు పడుతుంటే అక్కడ పొద్దున్నే స్వెట్టర్ వేసుకుని టీ తాగాలి, నీళ్ళు మాత్రం అద్దంలా తేటపడి కింద రాళ్ళ రంగులు కూడా కనిపిస్తుంటాయి.

ఒక్క జాగ్రత్త, మనకి దసరా అయిపోయే రోజున కులు దసరా మొదలవుతుంది, వారం పాటు జరుగుతుంది, ఆ వారంలో బస్సులూ రూములూ దొరకవు, దొరికినా రేట్లు వేరే. దానికి ముందో వెనకో పెట్టుకోండి.

చాలామంది అడిగేది, అరకులోనో లంబసింగిలోనో ట్రౌట్ ఉండదా అని. ఉండదండి. ట్రౌట్‌కి కావాల్సింది చల్లటి నీళ్ళు, చల్లటి నీళ్ళలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది. 10 డిగ్రీల నీళ్ళలో లీటరుకి 11 మిల్లీగ్రాముల పైన పడితే మన కృష్ణలో ఎండాకాలం 30 డిగ్రీలప్పుడు ఏడున్నర దగ్గరే ఆగిపోతుంది, బొచ్చె, శీలావతి, జెల్లలకి అది చాలు, కొర్రమీనైతే పైకొచ్చి గాలే పీల్చుకుంటుంది, ట్రౌట్‌కి మాత్రం నీళ్ళు 20 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది. అసలు మన దేశపు చేప కూడా కాదిది. 1900లో స్కాట్లాండ్ నుంచి కాశ్మీర్‌కి గుడ్లు తెచ్చి పొదిగించారు, అంతకుముందు ఏడాది తెచ్చినవి దారిలోనే పాడైపోయాయి. కాశ్మీర్ నుంచి 1909లో కులు లోయకి వచ్చింది బ్రౌన్ ట్రౌట్. ఇప్పుడు తీర్థన్‌లో మనకి తగిలేవి దాని సంతతే.

ప్రయాణం సంగతి త్వరగా చెప్పేస్తాను. మా బావమరిదిది గుంటూరు, మిర్చి యార్డులో పని, కొత్త పంట రాక ముందు నెలలు కాబట్టి అతనికి కాస్త తీరిక దొరికింది, ఇద్దరం విజయవాడలో ఢిల్లీ ట్రైన్ ఎక్కాం. ఫ్లైట్ అయినా పర్వాలేదు గానీ రాడ్ గొట్టం, హుక్కులు, కటింగ్ ప్లేయర్ అన్నీ చెక్ ఇన్ సామానులోనే పెట్టాలి, ట్రైన్లో ఆ గొడవ లేదు. ఢిల్లీ కాశ్మీరీ గేట్ బస్టాండ్‌లో రాత్రి మనాలీ వోల్వో ఎక్కి కండక్టర్‌కి ముందే చెప్పుకుంటే తెల్లారేసరికి ఔట్ అనే ఊళ్ళో, టన్నెల్‌కి ముందు దింపుతాడు. అక్కడి నుంచి బంజార్ మీదుగా గుషైనీ దాకా లోకల్ బస్సు ఉంది, టాక్సీ కూడా ఉంది. సామాను ఎక్కువుంటే టాక్సీయే నయం, బస్సులో రాడ్లు నిలబెట్టడానికి చోటుండదు.

ఇక దిగిన చోట్లు. మొదట దిగింది రోడ్డు పక్కన పెద్ద రిసార్టు, పేరు చెప్పను. గది పెద్దది, అద్దాల కిటికీ, గీజరు, టీవీ, వైఫై అన్నీ ఉన్నాయి, శుభ్రంగా కూడా ఉంది, ఫ్యామిలీతో ఊరికే విశ్రాంతికి వెళ్తే ఎవరైనా మెచ్చుకుంటారు. కానీ చేపల కోసం వచ్చినవాడికి అక్కడ పనే జరగదు. నది కింద ఎక్కడో ఉంది, బండిలో వెళ్ళాలి, డ్రైవర్ తొమ్మిదికి వస్తాడు, టిఫిన్ ఎనిమిదిన్నరకి ముందు పెట్టరు, కిచెన్ అప్పటిదాకా తెరవరు. అక్టోబర్‌లో ఎండ లోయలోకి దిగకముందు, అంటే ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఉండే ఆ మంచి సమయం మొత్తం మేము కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. ముందు రోజు రాత్రే ఫ్లాస్కులో టీ పోసి ఇవ్వండి చాలు అని అడిగినా కుదరదన్నారు.

తర్వాత గుషైనీ దాటాక ఒక ఇంట్లో దిగాం. కిందంతా రాయి, పైన దేవదారు చెక్క, మెట్లు దిగితే నేరుగా నది. గది చిన్నది, బాత్రూమ్ వరండా చివర్లో, వేడినీళ్ళు బకెట్లో ఇస్తారు, ఫోన్ సిగ్నల్ అటకెక్కితేనే. అయినా రేపు మళ్ళీ వెళ్ళమంటే ఆ ఇంటికే వెళ్తాను. ఆ ఇంటి ఆంటీ అయిదున్నరకే తలుపు కొట్టి స్టీలు గ్లాసుల్లో టీ ఇచ్చేది, సాయంత్రం తడిసిన బూట్లు తెచ్చి వంటింట్లో తందూర్ పొయ్యి చుట్టూ పేర్చేది, పొద్దున్నకి పొడిగా వెచ్చగా ఉండేవి. రాజ్మా, అన్నం, వాల్‌నట్లు నూరి లోపల పెట్టి ఆవిరి మీద ఉడికించి నెయ్యి పోసిచ్చే సిడ్డూ. మేము తీసుకెళ్ళిన గుంటూరు కారం, గోంగూర పచ్చడి ఆవిడకి తెగ నచ్చేశాయి, ఉన్న సీసా అక్కడే వదిలేసి వచ్చాం. మూడు పూటలా భోజనంతో కలిపి మనిషికి రోజుకి రెండు వేల లోపే అయింది, రిసార్టులో ఒట్టి గదికే అంతకు రెట్టింపు పైన.

నది ఒడ్డునే వేసే టెంట్ల క్యాంపులు కూడా ఉన్నాయి, కుర్రాళ్ళ గుంపులకి సరదాగా ఉంటుందేమో గానీ రాత్రి పాటలు, లైట్లు, పొద్దున్నే నీళ్ళలో దిగి కేరింతలు, ఇంక ఆ చుట్టుపక్కల మధ్యాహ్నం దాకా చేప కదలదు. అదీకాక 2023 జూలైలో, మళ్ళీ 2025 వానల్లో కులు జిల్లాలో నదులు ఏం చేశాయో చూశాం, బుడమేరు అనుభవం ఉన్న మన బెజవాడవాళ్ళకి వేరే చెప్పాలా, సెప్టెంబర్ మొదటి సగంలో నీటి మట్టానికి టెంట్ వేసుకుని పడుకోవద్దు.

అన్నిటికంటే ముఖ్యం గైడు. మొదట సిటీలో ఉండే ఒక ఏజెన్సీ ద్వారా ప్యాకేజీ తీసుకున్నాం, రాడ్లు మీవి వద్దు మేమే ఇస్తాం అన్నారు. ఇచ్చిన లైన్ పగుళ్ళు తేలి నీళ్ళలో మునిగిపోతోంది, లీడర్, అంటే లైన్ చివర ఫ్లై కట్టే సన్నటి దారం, చూస్తే మన కాలవలో వాలుగలకి కట్టే లావు. వచ్చిన కుర్రాడికి ఫ్లై మీద శ్రద్ధ లేదు, స్పూన్ (చెంచాలా మెరిసే లోహపు ఎర) వేసి లాగేయండి సార్ త్వరగా పడతాయి అంటాడు, ఫోన్లో వీడియో తీయడానికి తొందర. ఆ డబ్బు పోయినట్టే.

గుషైనీలో మా ఇంటావిడ కుదిర్చిన పెద్దాయన అలా కాదు. వయసు అరవై దాటి ఉంటుంది, రాగానే రాడ్ ముట్టుకోలేదు, నీళ్ళలోకి మోకాలి దాకా దిగి ఒక రాయి తీసి తిరగేసి "యే దేఖో భాయ్ సాబ్" అని చూపించాడు. రాయి అడుగున ఇసుక రేణువులు ఒక్కొక్కటీ అతికించి కట్టిన చిన్న గొట్టం, అగ్గిపుల్లలో సగం పొడుగుంటుంది, గోటితో మెల్లగా నొక్కితే లోపల్నుంచి పురుగు తల బయటపెట్టింది, అది కాడిస్ అనే పురుగు పిల్ల. పక్క రాయి కింద మేఫ్లై పిల్ల, చదునుగా, తోకకి మూడు వెంట్రుకలు. చూసి మళ్ళీ రాయిని ఎలా ఉన్నది అలాగే పెట్టేశాడు. ఆ తర్వాతే మా డబ్బా తెరిచి ఏది కట్టాలో ఏరాడు. పొద్దున నీళ్ళు బాగా చల్లగా ఉన్నప్పుడు అడుగున కొట్టుకుపోయే ఫెజెంట్ టెయిల్ నింఫ్ అనే ఫ్లై, ఎండ పడ్డాక పైన తేలే కాడిస్ ఫ్లై, మధ్యాహ్నం మాత్రం మిడత ఫ్లై.

ఆ మిడత సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఈ సీజన్ మజా అంతా అందులోనే ఉంది. వానలు ఆగాక నది గట్లమీద గడ్డి నడుము ఎత్తు పెరిగి ఉంటుంది, సెప్టెంబర్ అక్టోబర్లలో ఊళ్ళో ఆడవాళ్ళందరూ చలికాలం పశువుల మేతకని ఆ గడ్డి కోసి ఎండబెడతారు. కొడవలి పడుతుంటే మిడతలు లేచి గాలికి నీళ్ళలో పడతాయి, ట్రౌట్‌కి అది విందు. అందుకని గడ్డి కోస్తున్న గట్టు కింద, ఒడ్డుకి జానెడు దూరంలో హాపర్ ఫ్లై (మిడతలా కట్టిన ఎర) మెత్తగా కాదు, కొంచెం టప్ మని పడేలా వేయాలి. చేప ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి ఉంటుంది కాబట్టి మనం కింద నుంచి పైకి, దాని వెనకగా నడవాలి, నీడ దాని మీద పడకూడదు. లైన్ నీళ్ళ మీద పడ్డాక నడుమ వేగంగా పారే పాయ ఆ లైన్‌ని ముందు లాగేస్తుంది, అప్పుడు ఫ్లై నీళ్ళకంటే వేగంగా జారుతుంది, అసలు మిడత అలా పోదు, చేపకి తెలిసిపోతుంది. అందుకే లైన్ పడగానే నడిమి భాగాన్ని రాడ్‌తో ఎత్తి ఎగువకి వేయాలి. పెద్దాయన ఈ ఒక్క విషయం మీద మా బావమరిదిని ఎన్నిసార్లు ఆపి చేయించాడో, విసుగు మాత్రం లేదు.

నాకు పడింది ఒక పెద్ద బండ వెనక, నీళ్ళు రెండుగా చీలి మళ్ళీ కలిసేచోట. ఫ్లై ఆ కలయిక గీత మీద నుంచి జారుతోంది, కింద పసుపు పచ్చటి నీడ ఒకటి పైకి తేలింది, కొట్టలేదు, ఫ్లైతో పాటే వెనక్కి కొంత దూరం వచ్చింది, అంత దూరమూ నేను ఊపిరి తీయలేదు, అప్పుడు నోరు తెరిచి ముక్కు మాత్రం పైకి పెట్టి మూసింది. మన దగ్గర బెండు మునిగాక లాగుతాం, ఇక్కడ అంతా కళ్ళెదుటే. జానెడు పైన ఉంటుంది, ఒళ్ళంతా వెన్నపూస రంగు, వీపు గోధుమ, పక్కల ఎర్రచుక్కలు, ప్రతి ఎర్రచుక్క చుట్టూ లేత నీలం వలయం. చెయ్యి ముందు నీళ్ళలో తడుపుకునే పట్టుకోవాలి, పొడి చేత్తో పడితే దాని మీది జిగురు పొర ఊడిపోతుంది, జబ్బు చేస్తుంది. హుక్ మీద ఉండే చిన్న ముల్లుని ముందే ప్లేయర్‌తో నొక్కేశాం కాబట్టి ఒక్క తిప్పులో వచ్చేసింది. తల ఎగువకి పెట్టి పట్టుకుంటే మొప్పలు కాసేపు ఆడించి తనే విదిలించుకుని వెళ్ళిపోయింది. తినడానికి కావాలంటే నాగినీ దగ్గర ఫిష్ ఫారం ఉంది, పెంచిన రెయిన్‌బో ట్రౌట్ దొరుకుతుంది, ఆవనూనెలో వేయించి పెడతారు. నదిలో పుట్టి పెరిగిన బ్రౌన్ ట్రౌట్‌ని, అదీ గుడ్లు పెట్టడానికి సిద్ధమవుతున్న అక్టోబర్‌లో, చంపడం నాకు అస్సలు ఇష్టం లేదు. అక్టోబర్ సగం దాటాక సన్నటి గులకరాళ్ళు పరిచినట్టుండే చోట్ల కాలు కూడా పెట్టకండి, గుడ్లు పెట్టేది అలాంటి చోటే.

లైసెన్స్ మత్స్యశాఖ వాళ్ళు ఇస్తారు, ఏ రోజుకి ఆ రోజు, పెద్ద ఖర్చేం కాదు, ఆధార్ జిరాక్సులు దగ్గర పెట్టుకోండి. పైన గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ ఉంది, 2014లో యునెస్కో జాబితాకి ఎక్కింది, దాని లోపలికి వెళ్ళాలంటే సాయిరోపాలో వేరే పర్మిట్ తీసుకోవాలి. తీర్థన్ ఇంత తేటగా ఉండటానికి ఇంకో కారణం, ఈ నది మీద కరెంటు ప్రాజెక్టులు వద్దని ఇక్కడి జనం పట్టుబట్టి ఆపించుకున్నారు.

ఆ తేడా బరోట్ వెళ్తే అర్థమవుతుంది. మండీ జిల్లాలో ఊల్ నది మీద ఉంది, అక్కడి నీళ్ళు 1932 నుంచీ షానన్ పవర్‌హౌస్‌కి మళ్ళిస్తున్నారు, కొండ మీదకి సామాను లాగడానికి వేసిన పాత ట్రాలీ పట్టాలు చూడటానికి బావుంటాయి, ఊరు బావుంది, రోడ్డు పక్కనే నది కాబట్టి పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళినవాళ్ళకి సుఖం. కానీ ఆనకట్ట కింద నీళ్ళు పలచబడిపోయాయి, పైన ఉన్న మంచి మడుగుల దగ్గరేమో వారాంతం వచ్చిందంటే కార్లే కార్లు. మంగళ బుధవారాల్లో అయితే వెళ్ళొచ్చు.

రాడ్ కొనేవాళ్ళకి, తొమ్మిది అడుగులది, 5 వెయిట్ (ఎంత బరువు లైన్‌కి సరిపోతుందో చెప్పే నంబరు), నాలుగు ముక్కలుగా విడిపోయేది చాలు, తీర్థన్‌లో దూరం విసిరే పని లేదు, చెట్లకొమ్మలు తగలకుండా దగ్గరగా వేయడం ముఖ్యం. ఇంటి దగ్గరే ప్రాక్టీస్ చేసి వెళ్ళండి, నేను పున్నమి ఘాట్ దగ్గర పొద్దున్నే హుక్ బదులు ఎర్ర ఊలు ముక్క కట్టి విసిరేవాణ్ణి, వాకింగ్‌కి వచ్చేవాళ్ళు ఆగి అడిగితే చెప్పేవాణ్ణి, అలా అడిగినవాళ్ళలో ఒకాయన వచ్చే సెప్టెంబర్‌కి మాతో వస్తానన్నాడు. బూట్లు మాత్రం అడుగున ఫెల్ట్ (ఒత్తుగా నొక్కిన ఉన్నిలాంటి గుడ్డ) ఉన్నవే కొనండి, ఆ రాళ్ళ మీద రబ్బరు అడుగు నిలవదు, కుదరకపోతే గుషైనీ పెద్దాయన దగ్గర రెండు జతలున్నాయి, తొమ్మిదో నంబరు, పదో నంబరు.